మా ఆయన వంశంలోని ఖైదీ దొరికాడు

ఎట్టకేలకు తేలింది. మా ఆయన తాతగారి ముత్తాత కోటు దొంగే! ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో ఏడేళ్ళ శిక్ష పడి, 1842లో ఖైదీల ఓడలో ఆస్ట్రేలియాలోని ఈ టాస్మేనియా ద్వీపానికొచ్చి హోబర్ట్‌లో దిగాడు. ఒకప్పుడు ఇక్కడి కుటుంబాలు ఇలాంటివి కడుపులో దాచుకునేవి. ఇప్పుడు మా అత్తగారు ఇరుగుపొరుగును పిలిచి మరీ చెబుతున్నారు.

జనన, వివాహ కాగితాలు తేలిగ్గానే దొరికాయి. ఖైదీల రిజిస్టర్లను కూడా టాస్మేనియా ఆర్కైవ్స్ వాళ్ళు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు.

తలనొప్పల్లా ఒక వంశవృక్ష నిపుణుడితో. అత్తగారి మాట కాదనలేక ఆయనకు డబ్బు కట్టాం. ఆయన పంపిన ఖైదీకి పేరు కలిసింది, వయసూ కలిసింది. తీరా చూస్తే, మావాడి పెళ్ళి జరిగిన నెలలో ఆ మనిషి పోర్ట్ ఆర్థర్ జైల్లో శిక్ష అనుభవిస్తున్నాడు! అదే అడిగాను. ఆయన నావైపు చూడకుండా మా ఆయనతో, "ఆ కాలపు చేతిరాత మీ ఆవిడకు కష్టం లెండి" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. మా తాతగారు కరణం. గొలుసుకట్టు రాతలో ఉన్న దస్తావేజులు గడగడా చదివిన పిల్లని నేను.

ఆ రోజుల్లో ఖైదీలు పెళ్ళాడాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాల్సిందే. ఆ రిజిస్టర్ తీశాను. పేరు పక్కనే వచ్చిన ఓడ పేరు ఉంది. దాన్ని పట్టుకుని వెళితే నడవడిక రికార్డు దొరికింది. ఎత్తు, రంగు, ఎడమచేతి మీద లంగరు పచ్చబొట్టు. కింద ఇరికించి రాసిన తప్పులు, శిక్షలు: తాగుడు, చెప్పకుండా వెళ్ళడం, ఒంటరి కొట్లో శిక్ష. జీవితమంతా గొలుసులతో గడిపాడనుకునేరు, అదేం లేదు. మొదట ముఠాలో కూలి, తర్వాత జీతానికి పని, ఆపైన టికెట్ ఆఫ్ లీవ్, అంటే శిక్ష ముగియకముందే సొంతంగా బతకడానికిచ్చే చీటీ.

ఈ ద్వీపానికి 1853 దాకా 70,000 మందికి పైగా ఖైదీలొచ్చారు. ఒకే పేరున్నవాళ్ళు బోలెడుమంది. ముందు ఓడ పేరు పట్టండి. అది చెప్పలేని నిపుణుడికి రూపాయి కూడా ఇవ్వకండి.

మాకైతే డబ్బు వాపసు రాలేదు. ఈసారి తగ్గింపు ఇస్తాడట! ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి గానీ అవి లండన్‌వి. మావాడి కోర్టు కాగితాలు ఇంగ్లండ్ నుంచి తెప్పించాలి. ఆ ఉత్తరం నిన్ననే నా పేరు మీద పంపాను.