హండ్రెడ్ కే ముందున్న అక్షరం

మా బావమరిది ఇంటి అటక మీద ఇరవై ఏళ్లకు పైగా పడి ఉన్న కంప్యూటరు కారు ఆటల స్టీరింగు ఈ నెల మొదట్లో నా చేతికి వచ్చి, నిన్న రాత్రికి గాని సక్రమంగా తిరగలేదు. మధ్యలో పోయిన రోజుల్లో ఎక్కువ భాగం ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరానికి బలైనందువల్ల, కోపం చల్లారకముందే రాసిపెడుతున్నాను.

దీనికి యూఎస్‌బీ తీగ లేదు. 1981లో ఐబీఎం పీసీతో మొదలైన గేమ్ పోర్టుకు, అంటే ఆట పరికరాల కోసం కంప్యూటరుకు ఉండే పాత రంధ్రానికి, తగిలించే పదిహేను పిన్నుల మూతి ఉంది. విండోస్ విస్టా నుంచి ఆ పోర్టుకు దిక్కు లేదు కనుక, యూఎస్‌బీకి మార్చే అడాప్టరును ఆన్‌లైన్లో తెప్పించాను. తగిలించగానే పనిచేసింది.

అయితే చక్రాన్ని తిన్నగా పట్టుకున్నా తెర మీద కారు ఎడమకే లాగుతూ ఉండేది. నాలుగు మరలు విప్పి చూస్తే, చక్రాన్ని వదలగానే మధ్యకు లాక్కొచ్చే రబ్బరు తాడు బాగానే ఉంది గాని, చక్రపు ఇరుసుకు తగిలించిన పొటెన్షియోమీటరులో (తిప్పేకొద్దీ విద్యుత్ నిరోధం మారే చిన్న భాగం) కార్బను పట్టీ మధ్యభాగం అరిగి నల్లటి పొడిగా రాలింది. గేమ్ పోర్టు పద్ధతిలో, ఈ నిరోధం గుండా ఒక చిన్న కెపాసిటరు నిండడానికి పట్టే కాలాన్ని కొలిచి, చక్రం ఎంత తిరిగిందో లెక్క కడతారు. పట్టీ అరిగితే ఆ లెక్కే తప్పుతుంది. పాతదాని విలువ వంద కిలో ఓములు, కొట్ల భాషలో హండ్రెడ్ కే. అలాంటిదే కొత్తది వేస్తే సరిపోతుందనుకున్నాను.

మా ఊరి టవర్ క్లాకుకు అంత దూరం లేని ఒక ఎలక్ట్రానిక్స్ కొట్టుకు వెళ్లి అడిగాను. మన కొట్లలో దీన్ని వాల్యూమ్ కంట్రోలు అంటారు. నా కష్టాలన్నిటికీ ఆ పేరే మూలమని అప్పటికి నాకు తెలియదు. ఆయన డబ్బాలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి, చక్కగా సోల్డరు చేసి బిగించాను (సోల్డరింగులో నా చేయి తిరుగులేనిదని నా మిత్రులు ఒప్పుకుంటారు). ఇప్పుడు చక్రం మధ్యలో ఉంటే కారు దాదాపు పూర్తిగా ఎడమకు తిరిగి ఉంది. విండోస్‌లో కాలిబ్రేషన్ (చక్రం మధ్య, చివరలు ఎక్కడో కంప్యూటరుకు చూపించడం) చేస్తే తెర మీది ప్లస్ గుర్తు మధ్యకు వచ్చింది గాని, కుడివైపు నునుపుగా జరిగేది, ఎడమవైపు మెట్లు మెట్లుగా దూకేది. అడాప్టరును అనుమానించాను, పదిహేను పిన్నులనూ రుద్దాను, కంప్యూటరులో ఏదో కెలికాడని చిన్నవాణ్ణి అకారణంగా తిట్టాను కూడా.

చివరికి మళ్లీ ఆ కొట్టుకే వెళ్లి, ఇందులో వేరే రకమేమైనా ఉందా అని మర్యాదగానే అడిగాను. "హండ్రెడ్ కే అంటే హండ్రెడ్ కేనే సార్, దాంట్లో ఇంకో రకం యాడుంటుంది?" అన్నాడు. దేనికని అడిగితే చెప్పాను. అంతే, పక్కన నిలబడిన ఇద్దరు కొనుగోలుదారుల వైపు తిరిగి, "సారు ఈ వయసులో కారాట ఆడతాడంట" అని నవ్వాడు. వాళ్లూ నవ్వారు. తనకు తెలియని ప్రశ్న వచ్చినప్పుడు, అడిగినవాణ్ణి నవ్వులపాలు చేసి తప్పించుకునే వ్యాపారిని నేను క్షమించలేను. అక్కడ ఒక్క వైరు ముక్క కూడా ఇక కొనను.

మా వీధి చివర పాత ఆంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పైకి నెట్టి, వెనక చెక్కిన అక్షరాలు చదివాడు: ఏ 100 కే. ఇరుసును సరిగ్గా సగానికి తిప్పి మీటరు పెడితే యాభై కిలో ఓములు చూపవలసినది పన్నెండు చూపింది. "ఇది సౌండుకు పెట్టేదప్పా, దీన్ని స్టీరింగుకు ఎట్ల పెట్టినావు?" అన్నాడు. మన చెవి శబ్దాన్ని గ్రహించే తీరుకు తగినట్లు, ఏ రకంలో నిరోధం మొదట మెల్లగా, తరువాత వేగంగా పెరుగుతుంది. బీ రకంలో తిప్పినంత మేరకు సమానంగా పెరుగుతుంది. స్టీరింగుకు కావలసింది బీ. నా ఎడమ మలుపు మొత్తం ఆ పన్నెండు కిలో ఓములలోనే ఇరుక్కుపోయినందువల్ల మెట్లు మెట్లుగా దూకింది.

బీ 100 కే ఆయన దగ్గర లేదు. ఊళ్లో వెతికి ఇంకొకరి నవ్వు వినడానికి మనసొప్పక, ఇరవై రూపాయల సామాను కోసం రెండు వందల కిలోమీటర్లు దాటి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయాను. అక్కడి కుర్రవాడు నేను అడగకముందే "లీనియరా, లాగ్ రకమా?" అన్నాడు. లీనియరంటే బీ, లాగ్ అంటే ఏ. ఆ ఒక్క మాటకు రైలు ఛార్జీ గిట్టుబాటైంది. పాతదాన్ని విప్పే ముందు మూడు కాళ్లలో ఏ రెండింటికి తీగలున్నాయో ఫోటో తీసుకోవడం మరువకండి. కాళ్లు మారితే కుడి ఎడమలు తారుమారవుతాయి.

నిన్న రాత్రి చక్రం తిప్పిన మేరకే కారు తిరిగింది. బ్రేకు పెడలు కూడా కాస్త వణుకుతోంది. దానికోసం మరో బీ 100 కే సొరుగులో ఉంది.