మండలి ఆపలేదు, ఆలస్యం చేయగలదు

రెండు సభలూ ఒప్పుకుంటేనే బిల్లు చట్టమవుతుందని మనలో చాలామంది అనుకుంటాం. పార్లమెంటులో సాధారణ బిల్లుల విషయంలో అది దాదాపు నిజమే. రాజ్యసభ కాదంటే ఉభయ సభల సంయుక్త సమావేశం ఒక్కటే దారి. శాసన మండలి ఉన్న రాష్ట్రాల్లో అలా కాదు. శాసనసభ పంపిన బిల్లును మండలి తిరస్కరించినా, సభకు నచ్చని సవరణలు చేసినా, తన ముందుకు వచ్చాక మూడు నెలలు దాటేదాకా ఆమోదించకపోయినా, సభ దాన్ని మళ్లీ ఆమోదించి పంపవచ్చని రాజ్యాంగం 197వ అధికరణం చెబుతుంది. రెండోసారి మండలికి దక్కే గడువు ఒక్క నెల. ఆ తర్వాత బిల్లు ఉభయ సభల ఆమోదం పొందినట్లే లెక్క.

ఈ అధికరణం పనితీరు ఆంధ్రప్రదేశ్ పాలనా వికేంద్రీకరణ బిల్లు విషయంలో కళ్లకు కట్టింది. మూడు రాజధానుల కోసం తెచ్చిన ఆ బిల్లును శాసనసభ 2020 జనవరి 20న ఆమోదించింది. ప్రతిపక్షానికి ఆధిక్యం ఉన్న మండలిలో రెండు రోజుల రభస తర్వాత, ఛైర్మన్ షరీఫ్ తన విచక్షణాధికారంతో దాన్ని సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లును లోతుగా పరిశీలించే సభ్యుల సంఘానికి, పంపుతున్నట్లు ప్రకటించారు. ఆ కమిటీ ఏర్పడనే లేదు. ప్రభుత్వం అదే నెల 27న మండలినే రద్దు చేయాలని సభలో తీర్మానం చేయించింది గానీ, రద్దుకు పార్లమెంటు చట్టం చేయాలి కనుక మండలి కొనసాగింది.

జూన్ 16న సభ అదే బిల్లును మళ్లీ ఆమోదించగా, మరునాడు మండలి దాన్ని చర్చకు తీసుకోకుండానే నిరవధికంగా వాయిదా పడింది. ఆ గందరగోళంలో, ఖజానా నుంచి ఖర్చు చేయడానికి ప్రభుత్వానికి అనుమతినిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు కూడా నిలిచిపోయింది. దానికి మండలి గడువు 14 రోజులే, ఆ 14 రోజులూ గడవక తప్పలేదు. వికేంద్రీకరణ బిల్లు నెల గడిచాక గవర్నర్ వద్దకు వెళ్లింది. జూలై 31న బిశ్వభూషణ్ హరిచందన్ ఆమోదముద్ర వేశారు. మొదటి దఫా బిల్లు సెలెక్ట్ కమిటీ పరిధిలో ఉండగా రెండోసారి తేవడం చెల్లదని ప్రతిపక్షం వాదించింది. నాకు మాత్రం ఆ వాదన కన్నా మరో విషయం ముఖ్యమనిపిస్తుంది: మండలి ఒక్కసారి కూడా ఓటు వేయని బిల్లు, ఉభయ సభల ఆమోదం పొందినదిగా రాష్ట్ర చట్టాల్లో చేరింది. రాజ్యాంగం అనుమతించినదే అయినా, పెద్దల సభ తన అభ్యంతరాలను సవరణల రూపంలో రికార్డు చేసి ఉంటే, చట్టం ఆగకపోయినా వాదన మిగిలేది.

2021 నవంబరు నాటికి మండలిలో బలాబలాలు మారిపోయాయి. ప్రభుత్వం ఆ చట్టాన్ని ఉపసంహరించే బిల్లును 22న సభలో పెట్టి ఆమోదింపజేసుకుంది. మరునాడు, మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కు తీసుకుంది.