గోంగూర పచ్చడి గురించి పది నిమిషాలు

డిగ్రీ పూర్తయ్యాక ఒక ఏడాది విరామం తీసుకుని, అందులో 3 నెలలు ఇంగ్లీషు నేర్చుకోవడానికి మాల్టా వెళ్తానన్నప్పుడు, బ్రాడీపేటలోని మా బంధువులు "గుంటూరులో దొరకని ఇంగ్లీషు అక్కడేం దొరుకుతుంది?" అని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయితే మాల్టీసుతో పాటు ఇంగ్లీషు కూడా అధికార భాషగా ఉన్న ఆ చిన్న ద్వీప దేశంలో, బస్సు ఎక్కినా రొట్టె కొన్నా నోరు తెరవక తప్పదు. నాకు కావలసింది అదే.

అక్కడి ఇంగ్లీషు బడిలో చేరిన రోజే పరీక్ష పెట్టారు. అన్నిటికంటే కింది ఏ1 నుండి అన్నిటికంటే పై సీ2 వరకు ఉండే 6 స్థాయుల్లో నా వ్యాకరణానికి బీ2, మాటకు ఏ2 మాత్రమే వచ్చాయి. 12 ఏళ్లు ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు ఆ కాగితం చూడగానే కళ్లు చెమర్చాయి. తప్పు దొర్లితే నవ్వుతారన్న భయంతో ప్రతి వాక్యాన్నీ ముందు తెలుగులో కూర్చుకుని, మనసులోనే మార్చుకునేలోగా సంభాషణ ఎక్కడికో వెళ్లిపోయేది. పక్కన కూర్చునే కొలంబియా అమ్మాయి మాత్రం మాట దొరకకపోతే చేతులతో చెప్పేది. అందరూ ఓపికగా వినేవారు.

నాలుగో వారంలో ఆమె నా పచ్చడి సీసా చూసి అదేమిటని అడిగింది. గోంగూర పులుపు, ఎండుమిర్చి, ఆకును నూనెలో మగ్గించడం, అమ్మ రోట్లో నూరడం, అన్నీ పది నిమిషాలపాటు చెప్పాను. ఒక్క వాక్యమూ ముందు తెలుగులో కూర్చుకోలేదని గదికి వెళ్లాక గాని గమనించలేదు.

నిన్న విజయవాడలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ జరిగింది. ఒకచోట క్రియ తప్పింది; సరిదిద్దుకుని ఆగకుండా కొనసాగించాను. బయటకు రాగానే నాన్నగారికి ఫోన్ చేసి మొదట చెప్పింది ఆ తప్పు సంగతే.