ట్రైపార్స్‌ను రిఫ్లెక్షన్‌తో పిలిచేసరికి తలప్రాణం తోకకొచ్చింది

పని చూస్తే చిన్నదే. సీషార్ప్‌లో టైపు ఏదో రన్‌టైమ్‌లోగానీ తెలియదు. దాని ట్రైపార్స్‌ను (స్ట్రింగ్‌ని ఆ టైపు విలువగా మార్చి ఔట్ పారామీటర్‌లో ఇచ్చే మెథడ్) రిఫ్లెక్షన్‌తో, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగా టైపులోని మెథడ్‌లను వెతికే పద్ధతితో, పట్టుకుని పిలవాలి. ముందు ఇంట్ మీద మొదలుపెట్టాను.

గెట్‌మెథడ్‌కి పేరొక్కటే ఇస్తే యాంబిగ్యుయస్‌మ్యాచ్ ఎక్సెప్షన్. ఓవర్‌లోడ్‌లు, అంటే అదే పేరుతో వేర్వేరు పారామీటర్లున్న మెథడ్‌లు, చాలా ఉన్నాయి మరి. అది నయం, కారణం చెప్పి మరీ తిట్టింది.

సరేనని పారామీటర్ల టైపులూ ఇచ్చాను: టైపాఫ్(స్ట్రింగ్), టైపాఫ్(ఇంట్). ఈసారి నల్! ఎక్సెప్షన్ లేదు, హెచ్చరిక లేదు. పేరు సరే, పబ్లిక్ సరే, స్టాటిక్ సరే, మెథడ్ మాత్రం దొరకదు. ఈ ఏపీఐ రాసినవాళ్లకి నోరు విప్పి చెప్పడానికేం వచ్చిందో! గెట్‌మెథడ్స్‌తో సిగ్నేచర్లన్నీ ప్రింట్ చేస్తే గుట్టు బయటపడింది. రెండో పారామీటర్ టైపు పేరు "ఇంట్32" కాదు, "ఇంట్32&". ఆ చివరి & అంటే బైరెఫ్: విలువ కాదు, విలువ ఉన్న చోటు. సీఎల్ఆర్ (డాట్‌నెట్ రన్‌టైమ్) లెక్కలో ఈ రెండూ వేర్వేరు టైపులు. అడగాల్సింది టైపాఫ్(ఇంట్).మేక్‌బైరెఫ్‌టైప్(). అది పెట్టగానే దొరికింది.

రెఫ్, ఔట్ రెండింటికీ ఇదే. రన్‌టైమ్‌కి రెండూ బైరెఫ్‌లే, ఔట్‌కి ఒక అట్రిబ్యూట్ అదనం, అంతే. అలాగని ఔట్ పారామీటర్లు ఏరడానికి ఈజ్‌ఔట్ ఒక్కదాన్నే నమ్మితే బోల్తా పడతారు. మామూలు అర్రే పారామీటర్‌కి కూడా ఆ అట్రిబ్యూట్ తగిలించి ఉండొచ్చు. పారామీటర్‌టైప్.ఈజ్‌బైరెఫ్ కూడా చూడాలి. అసలు టైపు గెట్‌ఎలిమెంట్‌టైప్ ఇస్తుంది.

దొరికిన మెథడ్‌ని పిలిచేది ఇన్వోక్. దానికి ఇచ్చే ఆబ్జెక్ట్ అర్రేని ముందే ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి. ఔట్ స్థానంలో నల్ చాలు. ఫలితం వచ్చేది ఆ అర్రేలోకే, ఆర్గ్స్[1]లోకి. అర్రేని బ్రాకెట్లలో అక్కడికక్కడే సృష్టించి ఇస్తే ట్రూ వస్తుంది, విలువ మాత్రం గాలికి పోతుంది. అర్రేలో పెట్టిన లోకల్ వేరియబుల్ కూడా మారదు, లోపలికి వెళ్లింది దాని బాక్స్ చేసిన (ఆబ్జెక్ట్‌గా చుట్టిన) కాపీ.

స్పాన్ (మెమరీలో ఒక ముక్కను చూపే టైపు) తీసుకునే ఓవర్‌లోడ్ జోలికి పోకండి. స్పాన్ బాక్స్ కాదు, ఇన్వోక్ దాన్ని పిలవలేదు.

లూప్‌లో వేలసార్లు పిలవాలంటే ఇన్వోక్ వదిలేసి క్రియేట్‌డెలిగేట్ వాడండి. అది మెథడ్‌ని నేరుగా పిలవగలిగే డెలిగేట్‌గా ఇస్తుంది. రెడీమేడ్ డెలిగేట్ టైపులైన ఫంక్, యాక్షన్ అక్కడ పనికిరావు, వాటి పారామీటర్లు బైరెఫ్ కావు. ఔట్ పెట్టి సొంత డెలిగేట్ టైపు ఒక్క లైన్లో రాసుకుంటే సరిపోతుంది.