రాయి బయటికొచ్చినప్పుడే పురుగుల సంగతి చూడాలి

ఉప్పునీటి ట్యాంక్ ఉన్నవాళ్లకి అప్పుడప్పుడూ ఒక పిచ్చి పడుతుంది, లోపలి రాళ్లన్నీ తీసేసి మళ్లీ కొత్తగా పేర్చాలని. నాకూ పట్టింది. కారణాలు అందరికీ ఉండేవే. వెనక అద్దానికి ఆనించి గోడలా కట్టిన రాళ్ల వెనక నీళ్లు కదలక చెత్త పేరుకుపోవడం, కోరల్స్ పెరిగి ఒకదాన్నొకటి కుట్టుకోవడం, అద్దం తుడిచే అయస్కాంతం ప్రతిసారీ ఒకే రాయికి తగిలి ఆగిపోవడం. వీటన్నిటితో పాటు ఐప్టేసియా, రాళ్లకి అంటుకుని తెగ పెరిగిపోయే పువ్వులాంటి చిన్న జీవి. నిజం చెప్పాలంటే అసలు కారణం అదే, మిగతావన్నీ ఇంట్లోవాళ్లకి చెప్పుకోవడానికి పనికొస్తాయి.

రాళ్లు సర్దడం, పురుగుల్ని వదిలించుకోవడం రెండూ ఒకే రోజు పెట్టుకోవాల్సిన పనులని నా గట్టి అభిప్రాయం. నీళ్లలో ఉన్నంతసేపూ రాయి కిందివైపూ వెనకవైపూ మనకి కనిపించవు, కనిపించినా అక్కడికి చెయ్యి పోదు. అది బకెట్లోకి వచ్చిన ఆ కాసేపే మనకి దొరికే అవకాశం. చాలామంది ఆ కాసేపూ ఎక్కడో ఫొటోలో చూసిన ఆర్చ్ ఎలా కట్టాలా అని ఆలోచిస్తూ గడిపేసి, పాత దరిద్రాన్నంతా కొత్త ఆకారంలో పేర్చి సంబరపడిపోతుంటారు. రెండు నెలలకి ఆ కొత్త ఆర్చ్ మీద వరసగా గోధుమరంగు ఐప్టేసియా గొడుగులు విచ్చుకుంటాయి.

ముందురోజు రాత్రి చెయ్యాల్సిన పని ఒకటుంది. లైట్లు ఆరిపోయిన గంట రెండు గంటల తర్వాత టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టి ట్యాంక్‌లోకి వెలుగు వెయ్యాలి. ఎర్ర వెలుగుని చాలా జీవులు పట్టించుకోవు, తెల్ల వెలుగు పడితే మాత్రం క్షణంలో కన్నాల్లోకి దూరిపోతాయి. పగలు ఎప్పుడూ చూడని ముఖాలన్నీ అప్పుడు కనిపిస్తాయి. ఏ రాయి ఏ కన్నంలో ఏముందో ఫోన్లో ఫొటో తీసి దానిమీదే గుర్తులు పెట్టుకుంటే మర్నాడు వెతుకులాట ఉండదు, ఎందుకంటే రాయి బయటికి తియ్యగానే అన్నీ ముడుచుకుపోతాయి, ఐప్టేసియా అయితే చీమిడి చుక్కలా అయిపోయి అసలు ఉందా లేదా అన్న అనుమానం వస్తుంది.

నీళ్ల సంగతి. ముందే కలిపి, ఒక రాత్రంతా పంప్ పెట్టి తిప్పిన ఉప్పునీళ్లు సిద్ధంగా ఉండాలి, ట్యాంక్ నీళ్లతో సమానంగా 1.025 దగ్గర సాంద్రత, 25–26 డిగ్రీల వేడి. రాళ్లు పెట్టడానికి బకెట్లు, టబ్బులు, ఒక దాంట్లో హీటరు, నీళ్లు తిప్పడానికి పవర్‌హెడ్ అనే చిన్న పంపు. ఇది అందరూ చెప్పేదే. ఎవరూ పెద్దగా చెప్పనిది ఏంటంటే, ఆవిరైన నీళ్లకి బదులు మంచినీళ్లు దానంతటదే పోసే ఆటో టాప్‌ఆఫ్‌ని ఆపెయ్యాలి. రాళ్లు తీస్తే ట్యాంక్‌లో మట్టం దిగుతుంది, కింద ఉండే సంప్ తొట్టిలోకి నీళ్లు దించే ఓవర్‌ఫ్లో ఆగిపోతుంది, రిటర్న్ పంప్ మాత్రం సంప్‌లోని నీళ్లు పైకి లాగుతూనే ఉంటుంది. సంప్‌లో మట్టం పడిపోయేసరికి ఆ టాప్‌ఆఫ్ పాపం నీళ్లు ఆవిరైపోయాయనుకుని మంచినీళ్లు పోసేస్తుంది. ఉప్పు పలచబడుతుంది, పైగా రాళ్లు తిరిగి పెట్టినప్పుడు ఎక్కువైన ఆ నీళ్లన్నీ నేల మీదకొస్తాయి. కాబట్టి ముందు అది ఆపి, తర్వాత రిటర్న్ పంప్ ఆపి, నీళ్లు దిగితే గాలికి బయటపడే అవకాశం ఉన్న హీటర్ల ప్లగ్గులు పీకి, ఆ తర్వాతే చెయ్యి తడపాలి.

అన్ని రాళ్లూ ఒకేరోజు తియ్యాలని నేననుకోను. అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉండేది రాళ్ల మీదే, తడిగా ఉన్నంతవరకు కొన్ని నిమిషాలు బయట ఉంటే దానికేం కాదు. కానీ రాయి మీద బ్యాక్టీరియా ఒక్కటే లేదు కదా. రాయి మీద బతికే స్పాంజ్ అనే జీవులకి గాలి తగిలితే లోపలి సందుల్లో బుడగలు ఇరుక్కుని చచ్చిపోతాయి, చచ్చినవి కుళ్లితే అమోనియా. దానికి తోడు ఇసుక. ఏళ్ల తరబడి కదలని లోతైన ఇసుకలో, ముఖ్యంగా రాయి కింద నల్లగా మారిన చోట, హైడ్రోజన్ సల్ఫైడ్ చేరి ఉంటుంది. కదపగానే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, చేపలకి అది విషం. అలాంటి నల్లమచ్చ కనిపిస్తే చేత్తో కెలక్కుండా సన్న గొట్టంతో సైఫన్ చేసి బయటికి లాగేస్తే సరి. అందుకే నేను ట్యాంక్‌ని సగానికి విడగొడతాను. ఒక సగం ఇప్పుడు, రెండో సగం కొన్ని వారాల తర్వాత. అందం కొన్నాళ్లు అటూ ఇటూ కాకుండా ఉంటుంది, ఉండనివ్వండి.

ఇక చేతికి రాయి వచ్చింది. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఇది ఊరికే జాగ్రత్త కోసం చెబుతున్న మాట కాదు, జోయాంథిడ్లు అనే, రాళ్ల మీద గుంపుగా పెరిగే కోరల్‌లాంటి జీవుల్లో, మరీ ముఖ్యంగా పాలిథోవా జాతి వాటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉండొచ్చు. చేతికి చిన్న గాటు ఉన్నా చాలు, కంట్లో చుక్క పడినా చాలు. పురుగులు చస్తాయని రాళ్లని వేడినీళ్లలో మరిగించే సలహా ఇప్పటికీ ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సంఘటనలు నిజంగా జరిగాయి. రాయిని మరిగించొద్దు. మరిగించొద్దు. మైక్రోవేవ్ గురించి అడగను కూడా అడగొద్దు.

ఐప్టేసియా గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే రాయి కదిపేటప్పుడు దీన్ని చంపడం కంటే పెంచడమే తేలిక. ఇది చిన్న అనిమోన్. దాని పాదం నుంచి తెగిన చిన్న కండ ముక్క చాలు, దాన్నుంచి ఇంకొకటి పుడుతుంది. అది పాకుతూ పాకుతూ తనంతట తానే అలాంటి ముక్కల్ని వదిలిపెడుతుంది కూడా. మనం బ్రష్షు పెట్టి బరబరా రుద్దితే ఒకటి పోయి పాతిక వస్తాయి, అదీ ట్యాంక్ లోపల రుద్దితే పాతికా పాతిక చోట్ల వస్తాయి. చీకట్లో పెడితే చస్తుందనుకుంటారు కొందరు. పాచి చస్తుంది గానీ ఇది చావదు, ఒంట్లో ఉండే ఆల్గే పోయి తెల్లబడుతుంది, దొరికింది తింటూ బతికేస్తుంది.

రాయి బయట ఉన్నప్పుడు నాకు నచ్చిన పద్ధతి మొరటుగా ఉంటుంది. అది అంటుకున్న చోట కొంచెం లోతుగా ఉలితో ఆ రాతి ముక్కనే పగలగొట్టి తీసెయ్యడం. ట్యాంక్‌కి దూరంగా, వేరే టబ్బులో. తర్వాత రాయిని ట్యాంక్ నీళ్లు పోసి ఉంచిన ఇంకో బకెట్లో జాడించి, ఆ నీళ్లు పారబోయాలి, తిరిగి ట్యాంక్‌లోకి పోనివ్వకూడదు. కన్నంలో లోతుగా ఉండి ఉలి అందకపోతే సిరంజితో చిక్కటి కాల్క్‌వాసర్ ముద్ద, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్‌ని కొంచెం నీళ్లతో కలిపింది, నోటి మీద కప్పెయ్యొచ్చు. ట్యాంక్‌లో అయితే ఒకేసారి ఎక్కువ వాడితే పీహెచ్ పైకి పోతుంది కాబట్టి పూటకి కొన్ని మాత్రమే చెయ్యాలి, పంపులు ఆపి. బయట ఆ బాధ లేదు. జిగురుతో కన్నం మూసెయ్యమనే వాళ్లున్నారు, పక్క సందులోంచి అది మళ్లీ తల బయటపెట్టడం చూశాక నాకు దానిమీద నమ్మకం పోయింది.

బ్రిసిల్ వార్మ్‌ల దగ్గర మాత్రం నేను వాటి పక్షం. రాయి ఎత్తగానే కిందనుంచి గులాబీరంగు జెర్రిలాంటివి వేలాడితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కానీ చేపలు వదిలేసిన మేత, చచ్చిన నత్తలు, మనకి అందని సందుల్లో కుళ్లేవన్నీ తినిపెట్టేది అవే. అవి విపరీతంగా పెరిగాయంటే మనం మేత ఎక్కువ వేస్తున్నామని అర్థం, మేత తగ్గిస్తే వాటంతటవే తగ్గుతాయి. వాటి వెంట్రుకలు చేతికి గుచ్చుకుంటే టేపు అంటించి లాగితే వచ్చేస్తాయి. కోరల్స్ తినే ఫైర్‌వార్మ్ వేరు, ఒళ్లంతా బలంగా ఉండి, తెల్ల వెంట్రుకల కుచ్చులతో, తల దగ్గర ఎర్రటి మడతల గుత్తితో ఉంటుంది. అది కనిపిస్తే పట్టకారుతో లాగి పక్కన పెట్టండి. ఆస్టెరీనా అనే బుల్లి నక్షత్రాలు కూడా ఎక్కువగా పాచి తినేవే. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి రాయిని మంచినీళ్లలో ముంచేస్తే పనికొచ్చే ప్రాణులు ముందు పోతాయి, అవన్నీ కుళ్లాక ట్యాంక్‌లో వచ్చే అమోనియాని ఆపడం అప్పుడు ఎవరివల్లా కాదు.

రాత్రుళ్లు ట్యాంక్‌లోంచి టిక్ టిక్ మని శబ్దం వస్తుంటే అందరూ మాంటిస్ రొయ్య అని టెన్షన్ పడతారు. పిస్టల్ రొయ్య కూడా అలాగే చప్పుడు చేస్తుంది, అదేం హాని చెయ్యదు, గోబీ చేపతో కలిసి ఒకే బొరియలో కాపురం చేసేది అదే. నత్తల గుల్లలు పగిలి, పీతలు మాయమవుతుంటే మాంటిస్‌ని అనుమానించాలి. అది ఉన్న రాయి తెలిస్తే బకెట్ మీద అడ్డంగా పెట్టి కన్నంలోకి సిరంజితో సోడా కొట్టండి, ఊపిరాడక బయటికి దూకుతుంది. కింద బకెట్లో ఉప్పునీళ్లు ఉంచండి, వేలు మాత్రం పెట్టకండి. చంపాల్సిన పనేమీ లేదు, సంప్‌లో ఒక మూల దానికి ఇల్లు ఇస్తే చూడ్డానికి మీ చేపలకంటే తెలివిగా ఉంటుంది.

వర్మెటిడ్ నత్తలు రాయికి అంటుకున్న సన్న గొట్టాల్లా ఉంటాయి, జిగురు దారాల వల వదిలి నీళ్లలో కొట్టుకొచ్చే మేతని పట్టుకుంటాయి, ఆ వల కోరల్ మీద పడితే అది విచ్చుకోదు. పటకారుతో గొట్టాల్ని మొదలంటా విరిచి, మిగిలిన కన్నం మీద సూపర్ గ్లూ జెల్ చుక్క వేస్తే చాలు. బబుల్ ఆల్గేని బుడగ పగలకుండా మొదలు దగ్గర గోటితో లేపి తియ్యాలి. బ్రయాప్సిస్ అనే ఈకలాంటి పాచి పట్టిన రాయిని మాత్రం నేను వేరే పెడతాను, చేత్తో పీకితే అది మళ్లీ రావడం ఖాయం. దానికి ఫ్లుకొనజోల్ అనే ఫంగస్ మందు పనిచేస్తుంది, లీటరుకి దాదాపు 5 మిల్లీగ్రాముల లెక్కన వాడతారు, వాడినన్నాళ్లూ ఫిల్టర్‌లోని కార్బన్ తీసెయ్యాలి.

తిరిగి పేర్చేటప్పుడు పెద్ద రాళ్లు ఇసుక మీద కూర్చోకూడదు, అడుగు అద్దం మీదే కూర్చోవాలి, ఇసుక వాటి చుట్టూ పొయ్యాలి. గోబీలు, రొయ్యలు రాత్రికి రాత్రి కింద తవ్వేస్తే పైన ఉన్నదంతా అద్దం మీదికి కూలుతుంది. వెనకా పక్కలా చెయ్యి పట్టేంత ఖాళీ, రాళ్ల మధ్య నీళ్లు అటునుంచి ఇటు వెళ్లే దారి ఉండాలి. తక్కువ రాళ్లు, ఎక్కువ సందులు. రేపు మళ్లీ ఏదైనా తియ్యాల్సి వస్తే ఒక్క రాయి తీసి పని కానిచ్చేలా కట్టండి, అంతా ఒకే ముద్దగా సిమెంటు చేసేస్తే ఇంకెప్పుడూ దాని కిందికి చూడలేరు. నీడలో ఉన్న కోరల్ పైకొస్తే లైట్ తగ్గించి నెమ్మదిగా పెంచాలి, లేకపోతే తెల్లబడుతుంది. యూఫిలియా, గెలాక్సియా అనే కోరల్స్‌కి చుట్టూ బాగా ఖాళీ వదలండి, రాత్రి వాటి పొడుగు టెంటకిల్స్ పక్కవాళ్లని కాల్చేస్తాయి.

ఆ తర్వాత వారం పాటు రోజూ అమోనియా టెస్ట్, మేత సగం. మిగిలిపోయిన ఐప్టేసియా మొలకల కోసం బెర్గియా నుడిబ్రాంక్‌లని, అంటే గుల్ల లేని చిన్న సముద్రపు నత్తల్ని, వదలాలనుకుంటే ఇదే అదను. అవి ఐప్టేసియా తప్ప ఇంకేదీ తినవు, రాత్రిళ్లే తిరుగుతాయి, ఒకటి రెండు వేస్తే లాభం లేదు, గుంపుగా వెయ్యాలి. రాస్ చేపలుంటే వాటికి విందు పెట్టినట్టే. అలాంటప్పుడు పెప్పర్‌మింట్ రొయ్యలు తెచ్చుకోవచ్చు, అవి చిన్న ఐప్టేసియాల్ని తింటాయి, పెద్దవాటి జోలికి పోవు, కొన్ని అసలు దేని జోలికీ పోవు. కొనేటప్పుడు చూసుకోండి. సగం పారదర్శకంగా ఉండి నిలువునా సన్నటి ఎర్ర గీతలుంటే పెప్పర్‌మింట్. వీపు గూనిగా, కళ్లు పెద్దవిగా, ఎరుపు మీద తెల్ల గీతలు చుక్కలు కొట్టొచ్చినట్టు ఉంటే అది క్యామెల్ రొయ్య, ఐప్టేసియాని వదిలేసి మీ కోరల్స్‌ని తింటుంది. రెండింటినీ ఒకే పేరుతో అమ్మడం మామూలే.

రెండో సగం రాళ్లకి ఎప్పుడు చెయ్యి పెట్టాలంటే, అమోనియా సున్నా దగ్గర నిలబడి, నైట్రేట్ పాత అంకెకి వచ్చి, చేపలు మామూలుగా తింటున్నప్పుడు. అప్పటిదాకా ఎర్ర టార్చ్‌తో మొదటి సగాన్ని చూస్తూ ఉండండి, ఉలి దెబ్బ తప్పించుకున్నవేవో ఈలోపే తల బయటపెడతాయి.