బ్యాక్ బర్నర్ మీద పెట్టారంటే ఆపేశారని కాదు

ఒంగోలు నుంచి హైదరాబాద్, బెంగళూరు పోయి ఉద్యోగాలు చేస్తన్న మా పిల్లల నోట ఈ మధ్య తెగ వింటన్నా, "మా ప్రాజెక్ట్ బ్యాక్ బర్నర్‌లో పడేశారు బాబాయ్" అని. అంటే ఏందిరా అంటే ఇంక దాని పని అయిపోయినట్టే అంటారు. నాకు అక్కడే మనసు ఒప్పదు.

ఇది అమెరికా వంటింటి మాట. అక్కడ స్టవ్‌కి మామూలుగా నాలుగు బర్నర్లు, ముందు రెండు, వెనక రెండు. దగ్గరుండి కలుపుతా చూసుకోవాల్సినవి ముందు పెడతారు, సన్న సెగన నిదానంగా ఉడికేవి వెనక పెడతారు. వెనకది కూడా వెలుగుతానే ఉంటది, గిన్నె దించలా, గ్యాస్ కట్టేయలా. దాలి తెలిసినోళ్లకి ఇది ఇట్టే అర్థమవుద్ది, పొద్దున్నే పిడకల దాలి మీద పాలకుండ పెట్టి మిగతా పనులన్నీ చూసుకునేవాళ్లు, సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి ఇంత మందాన మీగడ కట్టేది, ఆ పాలని మర్చిపోయినట్టు కాదు గదా.

వాడేటప్పుడు "పుట్ ఇట్ ఆన్ ద బ్యాక్ బర్నర్" అనాలి, "ఇన్" కాదు, గిన్నెని పొయ్యి మీద పెడతాం గానీ పొయ్యిలో పెట్టం. ఇంట్లో పెళ్లి ఉండి ఇల్లు కట్టే పని వెనక్కి జరిపితే ఈ మాట సరిగ్గా సరిపోద్ది. ఇల్లే వద్దనుకుంటే మాత్రం "వుయ్ డ్రాప్డ్ ఇట్" అనాలి.

మన ప్రకాశం వైపు దీనికి వెలిగొండ ప్రాజెక్టుని మించిన ఉదాహరణ నాకు కనపడలా. 1996లో శంకుస్థాపన. శ్రీశైలం నుంచి 43.5 టీఎంసీల కృష్ణ వరద నీళ్లు కొండ కింద సొరంగాల్లోంచి మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి మెట్టలకి, అట్టాగే నెల్లూరు, కడప వైపుకీ తేవాలని. ఇన్ని ప్రభుత్వాలు మారినా రద్దు చేశామని ఎవరూ అనలా, కొన్నాళ్లు జోరుగా, కొన్నేళ్లు నత్తనడకన సాగింది. 2024 మార్చిలో జంట సొరంగాలు ప్రారంభించారు గానీ అప్పటికీ చేలకి నీళ్లు పారలా. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషులున్న కనిగిరి వైపు ఊళ్లకి ఇన్నేళ్ల సన్న సెగ అంటే ఎంత కష్టమో చూస్తే కడుపు తరుక్కుపోద్ది.

అందుకే పిల్లలకి చెప్తన్నా, ఆఫీసులో ఎవరన్నా మీ పనిని బ్యాక్ బర్నర్ మీద పెట్టామంటే, మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారు, అప్పటిదాకా దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు అని అక్కడికక్కడే అడగండి. రెండిటికీ జవాబు లేదంటే అది డ్రాప్ చేసినట్టే, ఆ మాటే మెయిల్‌లో రాసిమ్మనండి.