ఒకవైపే

మా పాథాలజీ ల్యాబ్‌కి పరీక్షకొచ్చిన కణజాలంతోపాటున్న చీటీ మీద ‘ముక్కులో పాలిప్, ఎడమవైపే, అప్పుడప్పుడు రక్తం’ అని ఉంది. మైక్రోస్కోప్ కింద స్లైడు చూస్తే పాలిప్ (ముక్కు లోపల పెరిగే మెత్తటి, క్యాన్సర్ కాని కండ) వాలకమే కాదు. పెద్ద పెద్ద కణాలు, వాటి కేంద్రకాల్లో కొట్టొచ్చినట్టున్న చుక్కలు, అంటే న్యూక్లియోలస్‌లు. నలుపు మాత్రం మచ్చుకైనా లేదు.

లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) కావచ్చు, కార్సినోమా (పైపొర కణాల క్యాన్సర్) కావచ్చు. ఏ రకం కణాలో పట్టిచ్చే రంగు పరీక్షలు ఎస్-100, హెచ్‌ఎంబీ-45, సాక్స్-10 వేయించాం. మూడూ పాజిటివే. మెలనోమా! నల్లరంగు మెలనిన్‌ని తయారుచేసే మెలనోసైట్ల క్యాన్సర్.

“ఎండ తగలని చోట కూడానా?” అంది మా జూనియర్. మెలనోసైట్లు చర్మానికే పరిమితమా ఏంటి? ముక్కులో, నోట్లో, కంట్లో, చివరికి మెదడు పొరల్లోనూ ఉంటాయి.

‘ఎడమవైపే’ అని రాసిన సర్జన్‌కి మాత్రం దండం పెట్టాలి. మామూలు పాలిప్‌లు ఎక్కువగా రెండువైపులా వస్తాయి. చాలామంది ఆ ముక్క రాయనే రాయరు.

ఇంకెక్కడి నుంచైనా పాకిందేమో, ఒళ్లంతా, కళ్లతో సహా చూడమని రిపోర్టులో రాశాను.